చెమర్చిందా, ఊరిందా, కారిందా?

చాలా రోజుల తర్వాత రాస్తున్నాను. ఆలస్యానికి కారణం ఒక మిషను. ఈసారి దాని కథే రాస్తాను. ఎప్పటిలాగే తప్పులుంటే దిద్దండి. అక్షరాల కింద ఒత్తుల దగ్గర నేనింకా తడబడుతూనే ఉన్నాను.

ఏప్రిల్ మొదట్లో ఒక శనివారం, గుడి వంటింట్లో పులిహోరకి నిమ్మకాయలు పిండుతూ, కొంచెం గొప్పగానే చెప్పాను: "నేను ఒక మిల్లు కొన్నాను."

"ఎంత పెద్దదండీ? ఇడ్లీ రవ్వ పట్టుకోవచ్చా?" అని ఒకావిడ అడిగింది. "పసుపు ఆడిస్తుందా? ఇక్కడ దొరికే పసుపు ఏం బాగుండటం లేదు" అని ఇంకొకావిడ.

నాకు సమాధానం రాలేదు. తెలుగులో మిల్లు అంటే బియ్యం మిల్లు, పిండి మిల్లు. ఇనుము చెక్కే మిల్లుకి ఏమనాలో నాకు తెలియదు. నేను చేతులు తిప్పి చూపిస్తుంటే, గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్న ఒక పెద్దాయన అందుకున్నారు: "పిండి మిల్లు కాదమ్మా. మిల్లింగు మిషను. ఇనప ముక్కకి ఫేసింగు చేసేది, స్లాటు కొట్టేది. ఏమండీ, అదేనా?"

అదే. ఆయన వయసు డెబ్బై ఎనిమిది. కొడుకు దగ్గరికి ఆరు నెలలకి వచ్చారు. నాలుగు వారాలుగా అదే కుర్చీలో కూర్చుంటున్నారు. నేను రోజూ "నమస్తే అంకుల్" అని చెప్పి, ప్రసాదం చేతిలో పెట్టి వెళ్ళిపోయేవాణ్ణి. విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్ళకు పైగా లేతు షాపు నడిపారని ఆ రోజే తెలిసింది.

నా గురించి కొత్తగా చదివేవాళ్ళకి నాలుగు మాటలు. నేను పుట్టి పెరిగింది ఖరగ్‌పూర్‌లో. అది బెంగాల్‌లో ఉన్నా, రైల్వే పని కోసం వచ్చిన తెలుగువాళ్ళు అక్కడ చాలామంది. మా నాన్నగారు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. బడి ఇంగ్లీషు మీడియం, రెండో భాష హిందీ. తెలుగు ఇంట్లో చెవిన పడ్డదే. తర్వాత అమెరికా, డెట్రాయిట్ పక్కన ఒక ఊరు, ముప్ఫై ఏళ్ళు ఇన్సూరెన్సు కంపెనీలో సాఫ్ట్‌వేర్ పని. యాభై ఎనిమిదో ఏట గుడిలో ఆదివారం క్లాసులో ఏడేళ్ళ పిల్లల పక్కన కూర్చుని అ ఆలు దిద్దాను. ఇప్పుడు నాకు అరవై నాలుగు.

నాన్న సాయంత్రం వచ్చాక పెరట్లో రంపపు పొట్టు, సబ్బు కలిపి చేతులు రుద్దుకునేవారు. అయినా గోళ్ళ చుట్టూ నలుపు పోయేది కాదు. "ఈ చేతులు నీకొద్దురా. నువ్వు చదువుకో" అనేవారు. నేను చదువుకున్నాను. ఆయన పని మాటలు మాత్రం వర్క్‌షాపు గేటు దగ్గరే ఆగిపోయాయి. ఇంటికి ఒక్కటీ రాలేదు. రిటైరయ్యాక నాకు ఈ పిచ్చి ఎందుకు పట్టిందని మా ఆవిడ అడుగుతుంది. నాకూ సరిగ్గా తెలియదు. గుడి పల్లకీ బొంగుల్ని పట్టి ఉంచే ఇత్తడి పట్టీలు అరిగిపోయాయి, అవి నేనే చేస్తానని పైకి చెప్పాను.

ఇక మిషను సంగతి. లేతులో ముక్క తిరుగుతుంది, కత్తి తిరగదు. మిల్లింగు మిషనులో కత్తి తిరుగుతుంది, ముక్కని టేబులుకి బిగించి, టేబులుని అటూ ఇటూ, ముందుకీ వెనక్కీ జరుపుతాం. నాది ఇంట్లో పెట్టుకునే రకాల్లో కొంచెం పెద్దది. మూడు వందల కిలోల పైమాటే. వెనక నిలువు స్తంభం, దాని మీద తల. ఆ తలలో గేర్లు నూనెలో మునిగి తిరుగుతుంటాయి. కారు ఇంజన్లు ఎత్తే చిన్న క్రేను అద్దెకి తెచ్చి, నేనూ మా పక్కింటాయనా దాన్ని గరాజులో నిలబెట్టాం.

ఆ వారం ఇంకా మంచు కురుస్తోంది. గరాజులో వేడి లేదు. పుస్తకంలో చెప్పినట్టు తలలో 68 నంబరు నూనె పోశాను. ఈ 68 అంటే నలభై డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆ నూనె ఎంత చిక్కగా ఉంటుందో చెప్పే లెక్క. చలిలో అదే నూనె చాలా రెట్లు చిక్కబడుతుంది. ఆ సంగతి అప్పుడు నా బుర్రకి తట్టలేదు. నూనె మట్టం చూడటానికి తల పక్కన చిన్న గాజు కన్ను ఉంటుంది. పోస్తున్నా పోస్తున్నా కంట్లో మట్టం పైకి రాలేదు. ఇంకొంచెం పోశాను. మళ్ళీ ఇంకొంచెం పోశాను.

మూడు వారాలు ఏమీ కాలేదు. ఏప్రిల్ చివర్లో ఒక్కసారిగా ఎండ వచ్చింది. ఒక పొద్దున మా ఆవిడ గరాజులోంచి చెత్తబుట్ట తేబోయి జారింది. తలుపు పట్టుకుంది కాబట్టి పడలేదు. చూస్తే మిషను వెనక నేల మీద అరచేయంత నూనె మడుగు. టేబులు ముందు అంచు నుంచి చుక్కలు. కత్తి పట్టే స్పిండిలు కొసన ఇంకో చుక్క. తల మీద మూత అంచు చుట్టూ తడి. కొత్త మిషను!

"ఇది కొన్నారా, కష్టం కొన్నారా?" అంది మా ఆవిడ. మెల్లగానే అంది. అరిచి ఉంటే బాగుండేది.

వాపసు ఇవ్వడానికి ముప్ఫై రోజుల గడువు. ఇంకా ఆరు రోజులే ఉంది. నేను కంప్యూటరు ముందు కూర్చుని, అమ్మినవాళ్ళకి ఇంగ్లీషులో మంచి ఫిర్యాదు రాశాను. నాలుగు పేరాలు. ఫిర్యాదు రాయడంలో నా ఇంగ్లీషుకి వంక పెట్టలేరు. మిషను అన్ని చోట్ల నుంచీ లీక్ అవుతోంది, తీసుకుపొండి అని సారాంశం. పంపే ముందు, ఎందుకో, ఆ శనివారం గుడికి వెళ్ళినప్పుడు ఆ కుర్చీ దగ్గర ఆగాను.

"అంకుల్, నా మిషను అన్ని చోట్ల నుంచీ లీక్ అవుతోంది."

ఆయన నవ్వారు. "అన్ని చోట్ల నుంచీ ఏదీ కారదండీ. ఒక చోట మొదలై, అన్ని చోట్లకీ పోతుంది. సరే, చెమరుస్తోందా, ఊరుతోందా, కారుతోందా?"

"లీక్ అవుతోంది" అన్నాను మళ్ళీ.

"అదేనండీ. ఎలా లీకు? చెమ్మా, ఊటా, కారడమా?"

నాకు మూడు మాటలూ తెలుసు. మా అమ్మ నోట మూడూ విన్నాను. కానీ మూడింటికీ తేడా చెప్పమంటే తెల్లమొహం వేశాను. ఆయనకి ఇంగ్లీషు రాదు, నాకు పని తెలుగు రాదు. ఆయన ఒక్క నిమిషం ఆలోచించి అన్నారు: "కళ్ళు చెమర్చాయి అంటే ఏంటి? నీళ్ళు కనబడతాయి, కానీ కిందపడవు. బావిలో నీళ్ళు ఊరాయి అంటే? తోడేసినా మళ్ళీ వచ్చాయి. కప్పు కారుతోంది అంటే? చుక్క పడుతోంది, కింద గిన్నె పెట్టాలి. మీ మిషనుకి వీటిలో ఏ జబ్బు?"

"నాకు తెలియదండీ. మీరు వచ్చి చూస్తారా, మేస్త్రి గారూ?"

మేస్త్రి గారూ అన్న మాట అనుకోకుండా వచ్చింది. నాన్న తోటివాళ్ళని అలా పిలవడం చిన్నప్పుడు విన్నాను. ఆయన లేచి చెప్పుల కోసం చూసుకున్నారు. "పదండి" అన్నారు. హారతి అయ్యాక వెళ్దామని నేనే కూర్చోబెట్టాను.

గరాజులో ఆయన మిషనుని పది నిమిషాలు ముట్టుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని చుట్టూ తిరిగారు. నేను నా డిక్షనరీ తెలుగు వాడబోయాను. "ఇందులో కందెన ఎక్కువైందేమో" అన్నాను. ఆయనకి నవ్వాగలేదు. "కందెన మా తాతగారి ఎడ్లబండి ఇరుసుకి రాసేవాళ్ళండీ. దీనికి ఆయిలు." సరే, నూనె అన్నాను. "నూనె వంటింట్లో. ఇక్కడ ఆయిలు." నేను ఇక్కడ రెండు మాటలూ కలిపి రాస్తున్నాను. ఆయన చదవరు కదా అని ధైర్యం.

తర్వాత ఆయన చెప్పిన వరస ఇది. నీళ్ళ పైపు కారినా, కారు ఇంజను కారినా మీకూ పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

మొదట, పూర్తిగా తుడవాలి. కిరసనాయిలు ఉందా అని అడిగారు. మినరల్ స్పిరిట్స్ ఉంది. గరాజు తలుపు బార్లా తెరిచి, పాత పంచె చింపి, పైనుంచి కిందకి తుడిచాం. బోల్టు తలల చుట్టూ, తీగలు పోయే గొట్టం చుట్టూ, మూత అంచు వెంట తుడిచాం. ఇక్కడే మొదటి దొంగ దొరికాడు. టేబులు కింద నుంచి వచ్చింది అసలు నూనె కానే కాదు. ఓడలో వచ్చే మిషన్లకి తుప్పు పట్టకుండా మైనం లాంటి గోధుమ రంగు జిడ్డు పూస్తారు. చలిలో గట్టిగా ఉండే ఆ జిడ్డు, ఎండకి కరిగి మూలల్లోంచి జారుతోంది. నేను మొదటి రోజు పైపైన తుడిచి వదిలేశాను.

రెండోది, పొడి చల్లాలి. తడి తగిలిన చోట పొడి రంగు మారుతుంది, అప్పుడు దారి కనబడుతుంది. నేను ఉత్సాహంగా లోపలికి వెళ్ళి ముగ్గు పిండి తెచ్చాను. మేస్త్రి గారు నా చెయ్యి పట్టుకున్నారు. "అది రాతి పొడి బాబు గారూ! స్లైడుల్లోకి వెళ్ళిందంటే ఉప్పుకాగితం పెట్టి రుద్దినట్టే. మొహానికి రాసుకునే పౌడరు తీసుకురండి." మా ఆవిడ పౌడరు డబ్బా పోయింది. ఆ సంగతి ఆవిడకి ఈ వ్యాసం చదివితే తెలుస్తుంది.

మూడోది, కింద కాగితం పరిచి, మిషను కాళ్ళ గుర్తులు దాని మీద గీయాలి. చుక్క ఎక్కడ పడిందో రేపు కాగితమే చెబుతుంది.

నాలుగోది, పది నిమిషాలు నడిపి, ఆపి, టీ తాగాలి. ఇది హాస్యానికి కాదు. "టీ తాగేలోపు ఏం వస్తుందో చూస్తే జబ్బేంటో తెలిసిపోతుంది. అప్పుడే చెయ్యి పెట్టకూడదు" అన్నారు.

మా ఆవిడ ఇచ్చిన టీ తాగి వచ్చాం. ఇప్పుడు ఒక్కొక్కటే.

టేబులు ముందు అంచు. అక్కడ చుక్కలు బాగానే పడుతున్నాయి. నాకు అదే పెద్ద జబ్బులా కనబడింది. "ఇది కారడం. ఇది కారాలి" అన్నారు. టేబులు జరిగే స్లైడుల మధ్య పలచని నూనె పొర ఉంటుంది. ఆ నూనె తిరిగి ఎక్కడికీ పోదు. పోసింది పోసినట్టు రుద్దుకుంటూ, సన్నని రజను కడిగి తెస్తూ, అంచు నుంచి పడిపోతుంది. అది దాని పని. "ఇది ఆగిన రోజు మీరు భయపడాలి. ఎండిన స్లైడు అరుగుతుంది. కింద ఒక పళ్ళెం పెట్టుకోండి, అంతే."

స్పిండిలు కొసన చుక్క. లోపల ఆయిలు సీలు పోయిందని నా ఫిర్యాదులో రెండో పేరా మొత్తం దీని గురించే. మేస్త్రి గారు అడిగారు: "ఇక్కడ మీరేమైనా పోశారా?" పోశాను. పైకీ కిందకీ జారే ఆ గొట్టానికి రాయమంటే, కొంచెం ఎక్కువే రాశాను. తుడిచాక అక్కడ మళ్ళీ చుక్క రాలేదు. జబ్బు లేదు, వైద్యుడే జబ్బు.

తల మీద మూత అంచు. పౌడరు కొంచెం రంగు మారింది, చుక్క లేదు. వేలితో రాస్తే వేలు మెరుస్తుంది, అంతే. "ఇది చెమ్మ. ప్యాకింగు కొత్తది, ఇంకా కుదురుకోలేదు. బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. ఒకటే పట్టుకుని బిగిస్తే మూత వంకర పోతుంది, అప్పుడు నిజంగానే కారుతుంది. చెమ్మకి మందు వెయ్యకూడదు, కనిపెట్టి ఉండాలి."

ఇక వెనక మడుగు. స్తంభం వెంట పౌడరు మీద సన్నని నల్ల గీత కింద నుంచి పైకి పోయింది. నేను దాన్ని వేలితో వెంబడించాను. గీత తీగల గొట్టం మీదకి ఎక్కింది. అక్కడి నుంచి స్విచ్చు పెట్టె వెనక్కి పోయింది. టార్చి వేసి చూస్తే, ఆ పెట్టెని తలకి బిగించిన ఒక చిన్న స్క్రూ. దాని తల చుట్టూ ఆవగింజంత తడి. నేను తుడిచాను. తడి లేదు. చూస్తూ ఉన్నాం. ఆ స్క్రూ తల అంచున మెల్లగా మళ్ళీ ఒక మెరుపు వచ్చింది, ఉబ్బింది, ఆగింది.

"ఇదీ ఊట" అన్నారు మేస్త్రి గారు, చాలా తృప్తిగా.

అరచేయంత మడుగుకి తల్లి ఆ ఆవగింజ. ధారగా కారేది ఆరోగ్యం, తుడిస్తే పోయినట్టు కనబడేది జబ్బు. నేను అంతా తలకిందులుగా చూశాను.

"కానీ ఇది పెట్టెని పట్టే స్క్రూ కదండీ. దీనికీ ఆయిలుకీ ఏం సంబంధం?"

"కంత లోపలి దాకా కొట్టేశారు. కొస ఆయిలు గదిలోకి తేలింది. మర సందులోంచి వస్తోంది."

మర! నాకు మర అంటే పిండి మరే తెలుసు. స్క్రూ మీద చుట్టూ తిరిగే గాడిని కూడా మర అంటారట. ఆ సందు చాలా సన్నం, అందులోంచి ఇంత నూనె ఎలా వస్తుందన్నాను. ఆయన నన్ను వింతగా చూశారు. "మీరు గుడిలో దీపాలు చూసుకుంటారు కదా?"

చూసుకుంటాను. ప్రతి శనివారం అఖండ దీపం కుందె కింద నూనె తుడిచేది నేనే. కుందెకి చిల్లు లేదు. ప్రమిద అంచు మీదుగా బయటికి వాలిన వత్తి లోపలి నూనెని తాగి, పైకి లాగి, అవతల వదిలేస్తుంది. వత్తిని సరిగ్గా లోపలికి పెడితే కింద తడి ఉండదు. ఎన్నేళ్ళుగానో చేస్తున్న పని అది. మర సందు కూడా వత్తే. ఎంత సన్నమైతే అంత బాగా లాగుతుంది.

ఇంకో ప్రశ్న వేశారు. "దీనికి ఊపిరి ఎక్కడ?"

నాకు అర్థం కాలేదు. ఆయన బుగ్గలు పూరించి చూపించారు. గేర్లు తిరిగితే తల వేడెక్కుతుంది. లోపలి గాలి వ్యాకోచిస్తుంది. ఆ గాలి పోవడానికి పైన ఒక సన్న కంత ఉండాలి, కుక్కరుకి విజిలు ఉన్నట్టు. లేకపోతే ఆ గాలి నూనెని నెడుతుంది. నూనె తనకి అందిన దారి వెతుక్కుంటుంది. వెతికాం. నూనె పోసే బిరడా మధ్యలో సూదంత కంత ఉంది. రంగు వేసినప్పుడు మూసుకుపోయింది. సన్నని తీగతో గుచ్చితే టప్పున రంగు పెచ్చు ఊడింది.

చివరికి గాజు కన్ను చూపించి, ఎంత పోశారని అడిగారు. చలి రోజున పోసిన సంగతి చెప్పాను. ఆయన తల పట్టుకున్నారు. చిక్కటి నూనె మెల్లగా సర్దుకుంటుంది. మట్టం కంట్లోకి వచ్చేదాకా ఆగాలి. నేను ఆగకుండా పోశాను. ఎండ వచ్చాక పలచబడి సర్దుకుంటే, మట్టం కన్ను నిండా నిండి, సరిగ్గా ఆ స్క్రూ కంత పైకి వచ్చింది. కంటి మధ్య గీత దాకా ఉంటే ఆ కంత నూనెలో మునిగేదే కాదు.

అంటే తప్పుల్లో ఒకటి చేసినవాళ్ళది, ఒకటి రంగు వేసినవాళ్ళది, ఒకటి నాది. మూడూ ఒకచోట చేరితే మడుగు అయింది. నా నాలుగు పేరాల ఫిర్యాదులో ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. ఇంగ్లీషులో అంత బాగా రాసినవాణ్ణి, ఒక్కసారి కూడా దగ్గరికి వెళ్ళి చూడలేదు.

బాగుచేయడం అరగంట పని. కింది బిరడా తీసి, నూనె మధ్య గీత దాకా దింపాం. పెద్ద గ్లాసుడు వచ్చింది. స్క్రూ తీసి, దాని మరా, కంత మరా రెండూ మినరల్ స్పిరిట్స్‌తో కడిగి, ఆరనిచ్చాం. జిడ్డు మీద ఏ మందూ అంటుకోదు. "మా రోజుల్లో షెల్లాక్ రాసేవాళ్ళం" అన్నారు. నా దగ్గర మరలకి రాసే సీలెంటు ఉంది. మొదటి నాలుగైదు మరలకి రాసి బిగించాను. ఆయన బిగించలేదు. స్పానరు నా చేతిలో పెట్టి, "మీ మిషను, మీరే బిగించండి" అన్నారు. ఒక రోజు ముట్టుకోవద్దన్నారు.

రెండో రోజు నడిపి, కొత్త కాగితం ఫోటో తీసి ఆయన కొడుకు ఫోనుకి పంపాను. వెనక ఒక్క చుక్క లేదు. ముందు పళ్ళెంలో ఏడు చుక్కలు. ఆయన ఫోను చేశారు. "ఊట ఆగిందా? కారడం ఉందా? ఇంకేం, దివ్యంగా ఉంది." గడువుకి రెండు రోజులు ఉండగా ఫిర్యాదు చెరిపేశాను. అమ్మినవాళ్ళకి రెండు లైన్లే రాశాను, ఏ కంత లోపలి దాకా ఉందో, ఏ బిరడా మూసుకుపోయిందో. వాళ్ళు థాంక్స్ చెప్పి ఒక కొత్త బిరడా పంపారు.

ఆ తర్వాత మేస్త్రి గారు శనివారాలు గుడి కుర్చీలో కూర్చోవడం మానేశారు. హారతి కాగానే మా గరాజుకి వచ్చేవారు. పల్లకీ పట్టీలు ఇద్దరం కలిసి చేశాం. నేను కోసిన మొదటి పట్టీ వంకర పోయింది. రెండోదీ పోయింది. మూడోది బొంగుకి సరిగ్గా కూర్చుంది. ఆయన మాట్లాడుతుంటే నేను ఒక నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. ఒకసారి నా రాత చూసి, "మీ అక్షరాలు మా మనవరాలి అక్షరాల్లా ఉన్నాయి" అన్నారు. ఆ పిల్లకి ఏడేళ్ళు. మా క్లాసే.

ఆ బుక్కులోంచి మీ కోసం కొన్ని. చెమ్మ అంటే తడి, కదలనిది. ఊట అంటే లోపలి నుంచి మళ్ళీ మళ్ళీ వచ్చేది. నోరూరడం, ఆవకాయ ఊరడం, బావి ఊట, అన్నీ ఆ ఇంటివే. కారడం అంటే చుక్కలుగానో ధారగానో కిందకి రావడం. చేతిలోంచి పొరపాటున పడితే ఒలకడం. నిండి అంచు దాటితే పొర్లడం. సన్న కంతలోంచి దూకితే చిమ్మడం. పగిలి నీళ్ళు నిలవని కుండ ఓటికుండ. వీటన్నిటికీ ఇన్నాళ్ళూ నా దగ్గర లీక్ అనే మాట ఒక్కటే ఉండేది.

నాన్నకి ఈ మాటలన్నీ తెలిసే ఉంటాయి. రోజంతా వాటితోనే బతికి ఉంటారు. ఇంటికొచ్చి చేతులు కడుక్కున్నాక నాతో చదువు గురించే మాట్లాడేవారు. నా మంచికే. ఒక్కసారైనా "ఈరోజు ఏం చేశారు నాన్నా?" అని అడిగి ఉంటే చెప్పేవారేమో. నేను అడగలేదు.

మేస్త్రి గారు సెప్టెంబరులో వెళ్ళిపోయారు. విమానం ఎక్కే ముందు రోజు గరాజుకి వచ్చి, పౌడరు డబ్బా ఎక్కడుందో చూసుకుని, మిషను వెనక నేల వేలితో రాశారు. వేలు నాకు చూపించారు. పొడిగా ఉంది. తర్వాత టేబులు ముందు పళ్ళెం వంక చూసి, "ఆయిలు తగ్గిస్తున్నారు. చుక్కలు తక్కువగా ఉన్నాయి" అని కోప్పడ్డారు.

ఇప్పుడు ప్రతి ఆదివారం పళ్ళెం ఫోటో పంపుతాను. ఆయన చుక్కలు లెక్కపెట్టి ఫోను చేస్తారు. గంటసేపు తెలుగులో మాట్లాడుకుంటాం. మొన్న మా గుడి వంటింట్లో కుళాయి పాడైతే, ఒకావిడ "అండీ, కుళాయి లీక్ అవుతోంది" అంది.

"చెమరుస్తోందా, ఊరుతోందా, కారుతోందా?" అన్నాను.

ఆవిడ నా వంక చూసిన చూపు నాకు బాగా తెలుసు. నేనూ అలాగే చూశాను కదా. చెయ్యి తుడుచుకుని, పాత గుడ్డ, పౌడరు డబ్బా వెతకడానికి వెళ్ళాను.